గ్రాముల లెక్కలో పుట్టిన కారు

1979లో ఒక అమెరికన్ మోటారు విలేఖరి మాజ్దా కంపెనీ పరిశోధన విభాగం అధిపతి కెనిచి యమమోటోను కలిశాడు. విలేఖరి పేరు బాబ్ హాల్. జపనీస్ బాగా మాట్లాడతాడు. కబుర్ల మధ్య యమమోటో, మేము మున్ముందు ఎలాంటి కారు చేస్తే బాగుంటుందంటారు అని అడిగాడు. విలేఖరులను పెద్దలు మర్యాదకు అడిగే ప్రశ్న అది. హాల్ మాత్రం దాన్ని మర్యాదతో సరిపెట్టలేదు. బ్రిటిష్ వాళ్ల పద్ధతిలో చిన్న స్పోర్ట్స్ కారు చెయ్యండి అన్నాడు. రెండే సీట్లు, మడిచి వెనక్కి పడేసే గుడ్డ టాపు, ముందు ఇంజను, దాని బలమంతా వెనక చక్రాలకు, మామూలు జీతగాడు కొనుక్కోగల ధర. ఇలాంటిది ఇప్పుడు కొత్తగా ఎవరూ చెయ్యడం లేదని చెప్పి, బోర్డు మీద గీసి మరీ చూపించాడు.

అడిగినవాడూ సామాన్యుడు కాడు. తక్కిన కంపెనీలు ఒక్కొక్కటే చేతులెత్తేసిన రోటరీ ఇంజనును ఏళ్లతరబడి పట్టుకుని పనిచేయించిన ఇంజినీర్ల బృందానికి నాయకుడు. పక్కవాళ్లు మానేశారన్న మాట ఆయన్ని భయపెట్టేది కాదు. అయినా ఆ బొమ్మ కారై రోడ్డెక్కడానికి పదేళ్లు పట్టింది. దాన్నే అమెరికాలో మియాటా అన్నారు, జపాన్‌లో రోడ్‌స్టర్ అన్నారు, మిగతా ప్రపంచం ఎంఎక్స్-5 అంటుంది. 2000లో గిన్నిస్ వాళ్లు ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా దాన్ని నమోదు చేశారు. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. అంతకన్నా నాకు విశేషంగా తోచేది మరొకటి ఉంది. ఆఫీసుకు తీసుకెళ్లే ఈ కారే కాస్త మార్పుతో రేసు ట్రాకు మీదికి వెళ్లి పోటీ చేస్తుంది. ఈ రెండు పనులూ ఒకే బండి, అదీ చవక బండి, చెయ్యగలగడానికి కారణం దాని బరువు.

బరువు సంగతి మాజ్దా వాళ్లు కనిపెట్టింది కాదు. దాని మూలం చూడాలంటే యుద్ధానంతర లండన్‌కు వెళ్లాలి. యూనివర్సిటీ కాలేజీలో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ చదువుకున్న కాలిన్ చాప్‌మన్ 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును పట్టుకుని, దాని బాడీ ఒలిచేసి, తేలికైన కొత్త బాడీ కట్టాడు. దాన్నే పోటీలకు తీసుకెళ్లాడు. డబ్బు లేదు, పెద్ద ఇంజను కొనలేడు. చేతనైనదల్లా బరువు తీసెయ్యడం. ఏ కడ్డీ ఎంత భారం మోస్తుందో లెక్కకట్టడం చదువులోనే నేర్చుకున్నాడు కాబట్టి, మొయ్యని కడ్డీని దయలేకుండా పీకేసేవాడు. 1952లో లోటస్ కంపెనీ పెట్టినప్పుడు అతని వర్క్‌షాపు హార్న్సీలో తండ్రి నడిపే పబ్బు వెనకున్న పాత గుర్రపుశాల.

1957లో వచ్చిన లోటస్ సెవెన్‌లో ఆ పేదరికపు తెలివి అంతా కనిపిస్తుంది. సన్నటి ఉక్కు గొట్టాలతో అల్లిన చట్రం, దాని మీద అల్యూమినియం రేకులు, మడ్‌గార్డుల్లేని సైకిలుకు ఎవరో రెండు తగిలించినట్టు ముందు చక్రాల మీద చిన్న కప్పులు. తలుపులు లేవు. బరువు అర టన్నుకు అటూఇటూ. మొదటి సెవెన్లలో ఎక్కువ వాటికి ఇంజను ఫోర్డు సాదా కారుది, 1172 సీసీ, 40 హార్స్‌పవర్. ఆ రోజుల్లో బ్రిటన్‌లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను బరువుగా పడేది, విడిభాగాలు కొంటే పడేది కాదు. అందుకని చాప్‌మన్ కారును విడివిడిగా పెట్టెల్లో అమ్మాడు. అయితే బిగించే విధానం రాసిన కాగితం ఇస్తే అది విడిభాగాల కింద చెల్లదని నిబంధన. అభిమానులు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకునే కథ ఇక్కడిదే: లోటస్ వాళ్లు కారును ఎలా విప్పాలో రాసి పంపేవాళ్లట, కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకుని బిగించుకునేవాళ్లట.

ఇంట్లో బిగించుకున్న ఆ కారునే ఆదివారం ట్రాకుకు నడుపుకెళ్లి, స్టెప్నీ దింపేసి, పోటీ చేసి, సాయంత్రం దానిలోనే ఇంటికి వచ్చేవారు. రోడ్డు కారు, రేసు కారు అనే రెండు జాతులు అప్పటికింకా పూర్తిగా విడిపోలేదు. 1973లో బ్రిటన్ కొనుగోలు పన్ను తీసేసి వ్యాట్ తెచ్చింది. విడిభాగాల లాభం పోయింది. అప్పటికి చాప్‌మన్ మనసు ఫార్ములా వన్ మీద, ఖరీదైన కార్ల మీద ఉంది. సెవెన్ హక్కులను కేటర్‌హామ్ అనే డీలరుకు, అంటే గ్రహామ్ నెయర్న్‌కు, అమ్మేశాడు. ఆ కారు ఇప్పటికీ కేటర్‌హామ్ సెవెన్ పేరుతో తయారవుతోంది. సుజుకి మూడు సిలిండర్ల 660 సీసీ ఇంజను పెట్టిన ఒక రకం 440 కిలోలే తూగుతుంది. మన మారుతి 800 కూడా దీనికంటే చాలా బరువు.

బరువుకీ ఖర్చుకీ ఉన్న చుట్టరికం ఒకసారి చూద్దాం. కారు బరువెక్కితే ఆపడానికి పెద్ద బ్రేకులు కావాలి. పెద్ద బ్రేకులు పట్టడానికి పెద్ద చక్రాలు, వాటికి వెడల్పు టైర్లు. వాటిని మొయ్యడానికి బలమైన సస్పెన్షన్. ఇంత లాగడానికి పెద్ద ఇంజను, దానికి పెద్ద రేడియేటరు, పెద్ద ట్యాంకు. ప్రతి పెద్దదీ మళ్లీ కొంత బరువు తెస్తుంది. రోడ్డు మీద ఇది పెట్రోలు బిల్లులో కనిపిస్తుంది. ట్రాకు మీద మరీ దారుణంగా, టైర్ల బిల్లులో, బ్రేకు ప్యాడ్ల బిల్లులో కనిపిస్తుంది. ఒక వేగం నుంచి కారును ఆపేటప్పుడు బ్రేకులు మింగాల్సిన వేడి బరువును బట్టి నేరుగా పెరుగుతుంది. రెండు టన్నుల కారు ఒక టన్ను కారు కంటే ప్రతి మలుపు దగ్గరా రెట్టింపు వేడి పుట్టిస్తుంది. 500 హార్స్‌పవర్ బరువైన కారు కొన్న కుర్రాడు ట్రాకు మీద పది నిమిషాలకే బ్రేకులు వేడెక్కి పక్కన ఆపుకోవడం, పాత చిన్న కారువాడు పొద్దంతా తిరుగుతూనే ఉండడం ఈ లెక్క వల్లనే.

చాప్‌మన్ ఒక్కడే కాదు, బ్రిటన్ నిండా ఇలాంటి కార్లుండేవి. ఎంజీ, ట్రయంఫ్, ఆస్టిన్-హీలీ. యుద్ధానికి వచ్చిన అమెరికన్ సైనికులు మోజుపడి ఇంటికి పట్టుకెళ్లినవి కొన్ని, తర్వాత ఓడల నిండా ఎగుమతైనవి ఎన్నో. 1962లో మొదలైన ఎంజీబీ 5 లక్షలకు పైగా తయారైంది, సింహభాగం అమెరికాకే పోయింది. అదే చివరికి మెడకు చుట్టుకుంది. అమెరికా పొగ నిబంధనలు, బంపరు నిబంధనలు కఠినమయ్యేసరికి కొత్త కారు రూపొందించే డబ్బు బ్రిటిష్ కంపెనీల దగ్గర లేదు. 1974లో ఎంజీబీకి నల్లటి లావు రబ్బరు బంపర్లు తగిలించి, దీపాల ఎత్తు సరిపోవడం కోసం కారునే పైకి లేపారు. మలుపుల్లో అందంగా తిరిగే కారు ఊగడం మొదలుపెట్టింది. ఇంజను బలమూ తగ్గింది. నూనె కారడం, కరెంటు తీగలు మొరాయించడం ముందునుంచీ ఉన్నవే. 1980లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఆగిపోయింది, ఎంజీబీ ఆగిపోయింది, దాన్ని చేసిన యాబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడింది. బాబ్ హాల్ బొమ్మ గీసిన మరుసటి సంవత్సరం సంగతి ఇది.

1981లో హాల్ విలేఖరి ఉద్యోగం వదిలి మాజ్దాలోనే చేరాడు, కాలిఫోర్నియాలో కొత్త కార్ల ప్రణాళిక విభాగంలో. యమమోటోతో మళ్లీ కలిసినప్పుడు ఆ పాత బొమ్మ సంగతి వచ్చింది. పని చెయ్యి అన్నాడు ఆయన. యమమోటో స్వయంగా ఒక ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తీసుకుని హకోనే కొండదారుల్లో నడిపి చూశాడు. పాత కారే, బలం లేని కారే. కానీ దిగేటప్పటికి హాల్ ఏం చెబుతున్నాడో అర్థమైంది.

1983లో కంపెనీ ఒక పోటీ పెట్టింది. చవక స్పోర్ట్స్ కారు ఎలా ఉండాలో టోక్యో స్టూడియో ఒకవైపు, కాలిఫోర్నియా స్టూడియో ఒకవైపు చూపించాలి. టోక్యో వాళ్లు లెక్కలు తెలిసినవాళ్లు. ఒక నమూనాలో ఇంజనూ చోదనా రెండూ ముందే పెట్టారు, ఎందుకంటే ఫ్యామిలియా అనే మాజ్దా చిన్న కారులోని సరుకంతా ఎత్తుకొచ్చి బిగించెయ్యొచ్చు, దానికన్నా చవక లేదు. ఇంకొక నమూనాలో ఇంజను సీట్ల వెనక, నడుమన. ఆ రోజుల ఫ్యాషన్ అది. టొయోటా ఎంఆర్2, పాంటియాక్ ఫియేరో అలా వచ్చినవే. కాలిఫోర్నియా వాళ్లు మాత్రం హాల్ బొమ్మకే కట్టుబడ్డారు: ముందు ఇంజను, వెనక చోదన. టామ్ మతానో, మార్క్ జోర్డాన్, వూ-హువాంగ్ చిన్ ఆ రూపం మీద పనిచేసినవాళ్లు. 1984 ఆగస్టులో నిలువెత్తు మట్టి నమూనాలు పక్కపక్కన పెట్టి చూసి, కాలిఫోర్నియా దానినే ఎంపిక చేశారు.

ఎంపిక చేశారు కానీ తయారుచెయ్యమని చెప్పలేదు. పెద్ద కంపెనీలో ఈ రెండింటి మధ్య దూరం చాలా. నడిచే నమూనా ఒకటి కావాలి. దాన్ని ఇంగ్లండులో వర్దింగ్ పట్నంలోని ఐఏడీ అనే సంస్థ చేత చేయించారు. ఫైబర్‌గ్లాస్ బాడీ, లోపల రకరకాల మాజ్దా కార్ల నుంచి తెచ్చిన సామాను. 1985 శరత్కాలంలో దాన్ని కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా వీధుల్లోకి పట్టపగలు తీసుకెళ్లారు. జనం ఆగి చూశారు, వెంటపడ్డారు, ఇది ఎక్కడ దొరుకుతుందని అడిగారు. జపాన్ నుంచి వచ్చిన అధికారులు ఆ వీధిలోనే ఉన్నారు. సర్వేలు, నివేదికలు చెయ్యలేని పని ఆ మధ్యాహ్నం చేసింది. 1986 జనవరిలో అనుమతి వచ్చింది. అప్పటికి యమమోటో కంపెనీ అధ్యక్షుడు కూడా, ఆ సంగతీ మరవకూడదు.

అనుమతి వచ్చినా ఇది సవతి బిడ్డే. కంపెనీలో మంచి ఇంజినీర్లంతా ఎక్కువ అమ్ముడయ్యే కార్ల మీద ఉన్నారు. కార్యక్రమానికి అధిపతిగా వచ్చిన తోషిహికో హిరాయ్ చిన్న బృందంతో, హిరోషిమాలో ఒక గ్యారేజీ భవనం అయిదో అంతస్తులో మకాం పెట్టాడు. గుర్రమూ రౌతూ ఒకే ప్రాణిలా కదలాలన్నది ఆయన పెట్టుకున్న గురి. గుర్రం మీద దౌడు తీస్తూ బాణం వేసే పాత జపాన్ విద్య నుంచి తెచ్చిన ఊహ అది. వినడానికి కవిత్వంలా ఉంటుంది. హిరాయ్ దాన్ని కవిత్వంగా వదలలేదు. ఆ భావన డ్రైవరుకు ఎక్కడెక్కడ కలుగుతుంది, స్టీరింగులోనా, గేరు రాడ్డులోనా, సైలెన్సర్ మోతలోనా, బ్రేకు తొక్కుడులోనా అని చేప ముల్లు ఆకారంలో పటం గీసి, ఒక్కో ముల్లునూ ఒక్కో ఇంజినీరుకు అప్పగించాడు. గేరు రాడ్డు పొడవెంతుంటే చెయ్యి తృప్తిపడుతుందో కొలిచారు. సైలెన్సర్ ఏ శ్రుతిలో పలకాలో పాత కార్ల మోతలు విని తేల్చుకున్నారు.

ఎక్కడ ఖర్చు పెట్టారో, ఎక్కడ పెట్టలేదో చూస్తే ఆయన తెలివి తెలుస్తుంది. ఇంజను ఫ్యామిలియాదే, 1600 సీసీ, పదహారు వాల్వులది. అడ్డంగా ఉండేదాన్ని నిలువుగా తిప్పి పెట్టారు. అమెరికా కారులో 116 హార్స్‌పవర్. గేరుబాక్సు లూచే అనే పెద్ద కారు నుంచి వచ్చింది. ఇక్కడ ఆదా చేసినదంతా కంటికి కనిపించని చోట పెట్టారు. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అప్పట్లో ఈ ధరలో అరుదైనది. గేరుబాక్సును వెనక డిఫరెన్షియల్‌తో కలుపుతూ పొడవాటి అల్యూమినియం దూలం, అక్కడక్కడా తొలిచి తేలిక చేసినది. దీనివల్ల యాక్సిలరేటరు తొక్కగానే మధ్యలో ఎక్కడా మెలితిరగకుండా బలం నేరుగా వెనక చక్రాలకు చేరుతుంది. డ్రైవరుకు అది తన పాదానికీ టైరుకూ మధ్య ఏమీ లేనట్టు అనిపిస్తుంది. బానెట్ అల్యూమినియం. బ్యాటరీని చిన్నది చేసి డిక్కీలోకి మార్చారు, ముందూ వెనకా బరువు సరిసమానంగా పంచడం కోసం. చవక రకంలో పవర్ స్టీరింగు లేదు, పవర్ అద్దాలు లేవు. గుడ్డ టాపును సీట్లో కూర్చునే ఒక్క చేత్తో తియ్యొచ్చు. మోటారు అక్కర్లేదు కాబట్టి మోటారు బరువూ లేదు, చెడిపోయే భయమూ లేదు. జపాన్ కారు బరువు 940 కిలోలు. మన రోడ్ల మీద తిరిగే చిన్న హ్యాచ్‌బ్యాక్‌తో సమానం.

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో చూపించారు. ధర 13,800 డాలర్లు. డీలర్లు దాని మీద వేల డాలర్లు అదనంగా గుంజినా జనం వరసకట్టారు. తమాషా ఏమిటంటే అదే సంవత్సరం లోటస్ కూడా కొత్త చిన్న స్పోర్ట్స్ కారు తెచ్చింది, 1960ల నాటి తన పేరుమోసిన ఎలాన్ పేరే పెట్టి. మాజ్దా ఇంజినీర్లు ఏ పాత ఎలాన్‌ను ముందు పెట్టుకుని నేర్చుకున్నారో ఆ ఎలాన్ పేరే. కానీ కొత్తది ఫ్రంట్ వీల్ డ్రైవ్, ఖరీదూ చాలా ఎక్కువ. సాంకేతికంగా అది చెడ్డ కారు కాదు. అయినా కొన్ని వేలే అమ్ముడై 1992లో ఆగింది. లోటస్ తన తప్పు దిద్దుకోవడానికి 1996 దాకా పట్టింది. అల్యూమినియం పట్టీలను జిగురుతో అంటించి కట్టిన చట్రంతో ఎలీజ్ వచ్చింది, బరువు 725 కిలోలు. నా దృష్టిలో చాప్‌మన్‌కు నిజమైన వారసుడు అదే. కానీ మాజ్దా ధరకు అది ఏనాడూ రాలేదు.

ఇక ట్రాకు సంగతి. జపాన్‌లో కారు విడుదలైన ఏడాదే త్సుకుబా సర్క్యూట్‌లో మోటారు పత్రికల వాళ్లకు నాలుగు గంటల ఓర్పు పందెం పెట్టారు. కారును తిట్టే విలేఖరి కూడా దానిలోనే పోటీ చెయ్యాలి! ఆ పందెం ఆనవాయితీ అయిపోయింది. మామూలు కొనుగోలుదారుల కోసం 2001 చివర మాజ్దా ఎన్ఆర్-ఏ అనే ప్రత్యేక రకం తెచ్చింది. నంబరు ప్లేటు తియ్యకుండా, ఇంటి నుంచి నడుపుకొచ్చి పందెంలో పాల్గొని, నడుపుకుంటూ తిరిగి వెళ్లే కారు. లోటస్ సెవెన్ వాళ్లు ఆదివారాలు చేసిన పనికి కంపెనీయే గ్యారంటీ కార్డు ఇచ్చినట్టయింది. దాని కోసం పార్టీ రేస్ అనే పోటీ 2002లో మొదలైంది. ఆ పేరు ఊరికే పెట్టలేదు. పక్కవాడి కారును గుద్దకుండా, పెద్ద ఖర్చు లేకుండా, పొద్దుపోయేదాకా సరదాగా పోటీ పడాలన్నది ఉద్దేశం.

నాలుగో తరంలో అమ్మిన ఎన్ఆర్-ఏ చూస్తే ట్రాకుకు సిద్ధం చెయ్యడమంటే ఏమిటో తెలుస్తుంది. ఇంజను మామూలు కారులోని 1500 సీసీదే, బలం ఒక్క హార్స్‌పవర్ కూడా పెంచలేదు. మారినవి: పెద్ద రేడియేటరు, పెద్ద బ్రేకులు, ఎత్తు సర్దుకోగల బిల్‌స్టైన్ డ్యాంపర్లు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. మలుపులో లోపలి చక్రం తేలిపోతే బలమంతా దానికే పోయి వృథాగా తిరగకుండా చూసేది ఈ చివరిది. తల కాపాడే ఇనుప పంజరం, నాలుగు పట్టీల బెల్టు పందెగాడు తానే వేయించుకోవాలి. బలం పెంచకుండా వేడినీ పట్టునూ చూసుకోవడంలోనే తయారుచేసినవాళ్లకు ట్రాకు తెలుసన్న సంగతి బయటపడుతుంది. మొదటిసారి ట్రాకెక్కినవాణ్ణి ఇబ్బంది పెట్టేది ఇంజను కాదు, బ్రేకు ఆయిలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. అందుకే అలాంటప్పుడు పెడలు నేలదాకా దిగిపోతుంది గాని కారు ఆగదు. తేలిక కారులో వేడి తక్కువ కాబట్టి, ఎక్కువ వేడికి మరిగే ఆయిలు, మంచి ప్యాడ్లు, ఈ రెండు మారిస్తే చాలా రోజులు గడిచిపోతాయి.

అమెరికాలో ఇది వేరే దారిలో జరిగింది. అక్కడ కంపెనీ కాదు, కొన్నవాళ్లే మొదలుపెట్టారు. 1990ల చివరికి మొదటి తరం మియాటాలు సెకండ్ హ్యాండ్ బజారులో చవగ్గా దొరికాయి. టెక్సస్ వైపు ఔత్సాహికులు కూర్చుని, అందరికీ ఒకే స్ప్రింగులు, ఒకే డ్యాంపర్లు, ఒకే టైర్లు, ఇంజను ముట్టుకోకూడదు అని నిబంధనలు రాసుకున్నారు. స్పెక్ మియాటా అనే తరగతి అలా పుట్టింది. 2006 నాటికి స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా దాన్ని జాతీయ తరగతిగా గుర్తించింది. ఆ దేశంలో ఔత్సాహికుల పోటీల్లో అతి రద్దీ తరగతుల్లో అదొకటి. దీనిలో ఒక చేదు నిజం కూడా చెప్పాలి. నిబంధన ఎంత బిగిస్తే డబ్బున్నవాడు అంత సన్నటి సందు వెతుకుతాడు. ఇంజను ముట్టుకోకూడదంటే, పది ఇంజన్లు కొని అందులో బలమైనది ఏరుకునేవాళ్లు తయారయ్యారు. ముందు వరసలో నిలవాలంటే ఖర్చు ఇప్పుడు మొదటివాళ్లు ఊహించినంత తక్కువేమీ కాదు. నడుమ వరసలో నలుగురితో కలిసి కొట్టుకోవడం మాత్రం ఇప్పటికీ చవకే, అసలు సరదా కూడా అక్కడే.

వృత్తి పోటీల కోసం 2016లో గ్లోబల్ ఎంఎక్స్-5 కప్ మొదలైంది. హిరోషిమా నుంచి వచ్చిన కారును అమెరికాలో పూర్తిగా విప్పి, ఇనుప పంజరం వెల్డింగ్ చేసి, ఇంజనుకు సీలు వేసి అమ్ముతారు. తర్వాత వచ్చినవాటిలో క్లచ్ తొక్కకుండా వరసగా గేర్లు మార్చే గేరుబాక్సు కూడా. ఈ ఎన్ఆర్-ఏ తమ్ముడికి మాత్రం రోడ్డు మీద పనిలేదు. డేటోనా లాంటి పొడవైన ట్రాకుల మీద ముందు కారు గాలిని చీలుస్తుంటే వెనక కారు దాని చాటున దూసుకొస్తుంది. కార్లన్నీ ఒకేలా ఉండడంతో సెకనులో పదో వంతు తేడా కూడా లేకుండా ముగిసిన పందేలున్నాయి.

నడుమ మాజ్దా కూడా దారి తప్పబోయింది. భద్రతా నిబంధనలు, ఎయిర్‌బ్యాగులు, కొన్నవాళ్ల కోరికలు కలిసి ప్రతి తరంలోనూ కారును లావు చేస్తూ వచ్చాయి. 2005లో వచ్చిన మూడో తరానికి అధిపతి తకావో కిజిమా. మొదటి తరం చట్రం మీద పనిచేసిన మనిషి. ఆయన బృందం గ్రాముల్లో లెక్క రాయడం మొదలుపెట్టింది. లోపలి అద్దంలోనే 84 గ్రాములు తగ్గించారు. అయినా ఆ కారు అన్నల కంటే బరువుగానే తేలింది. పూర్తి ఫలితం వచ్చింది 2014లో చూపించిన నాలుగో తరంలో. నొబుహిరో యమమోటో ఆధ్వర్యంలో పొడవు తగ్గించి, అల్యూమినియం వాడకం పెంచి, ఇంజను చిన్నది చేసి, జపాన్ కారును 990 కిలోలకు దించారు. పాతికేళ్లలో చేరిన భద్రతంతా ఉంచుకుని, మొదటి కారుకు 50 కిలోల దూరంలోకి రావడం నిజంగా గొప్ప పని. 2022లో 990ఎస్ పేరుతో ఒక రకాన్ని ఆ బరువునే గొప్పగా చెప్పుకుంటూ అమ్మారు. బలం చెప్పి కార్లు అమ్మే లోకంలో అది అరుదు.

మాజ్దా మన దేశంలో అమ్మదు. కానీ ఈ ఆలోచన మనకు తెలియనిదీ కాదు. కోయంబత్తూరు పారిశ్రామికవేత్త ఎస్. కరివర్ధన్ 1980ల చివర మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కారు తయారుచేశాడు. ఫార్ములా మారుతి అది. మెకానిక్ షెడ్డులో దొరికే ఇంజను, తేలిక చట్రం, అందుబాటు ధర. షోలవరం విమాన రన్‌వే మీద, తర్వాత చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద ఆ కార్లు పరుగులు తీశాయి. భారత్ నుంచి ఫార్ములా వన్‌కు వెళ్లిన మొదటివాడు నారాయణ్ కార్తికేయన్ పందేల పాఠాలు మొదలుపెట్టింది ఫార్ములా మారుతిలోనే. 1995లో కరివర్ధన్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది. ఆ ట్రాకు మీద జరిగే ఫార్ములా భారత్ పోటీకి ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు సొంతంగా కట్టిన కార్లు తీసుకెళ్తారు. మన కాలేజీల్లో వర్క్‌షాపుకు తాళం వేసి ఉంచే ప్రిన్సిపాళ్లు ఒకసారి వెళ్లి చూస్తే మంచిది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మన కుర్రాళ్లకు పాత మియాటా కొనే అవకాశం ఉంది. కొనేముందు రెండు చూడండి. వెనక చక్రానికి ముందు, తలుపు కింద అంచు తుప్పు పట్టిందేమో వేలితో నొక్కి చూడండి. టాపు వెనక నీరు పోయే రంధ్రాలు పూడితే ఆ తుప్పు అక్కడే మొదలవుతుంది. 1990, 91 కార్లయితే క్రాంక్ షాఫ్ట్ ముందు కొస అరిగిందేమో తెలిసిన మెకానిక్ చేత చూపించండి. ట్రాకుకు వెళ్లేముందు ఇంజను మీద ఒక్క డాలరు కూడా పెట్టకండి. సీటు వెనక రోల్ బార్, కొత్త బ్రేకు ఆయిలు, మంచి ప్యాడ్లు, తలకు సరిపడే హెల్మెట్, ఈ నాలుగూ ముందు కొనండి.